అన్‌ఎంప్లాయ్‌మెంట్ తీసుకున్న ఏడాది ఈఐటీసీ ఎంత వస్తుందో లెక్క చూసుకోవడం ఎలా?

అమెరికాలో ట్యాక్స్ సీజన్ మొదలైతే చాలు, గ్యాస్ స్టేషన్లలో, మోటెళ్లలో, వేర్‌హౌసుల్లో, ఇండియన్ గ్రోసరీ షాపుల్లో పనిచేసే మనవాళ్ల నుంచి ఒకటే ప్రశ్న: "మధ్యలో ఉద్యోగం పోయింది, కొన్నాళ్లు అన్‌ఎంప్లాయ్‌మెంట్ (నిరుద్యోగ భృతి) వచ్చింది. ఈసారి ఈఐటీసీ వస్తుందా, రాదా?" ఈఐటీసీ అంటే ఎర్న్‌డ్ ఇన్‌కమ్ ట్యాక్స్ క్రెడిట్, తక్కువ ఆదాయంతో పనిచేసేవాళ్లకు ట్యాక్స్ రిటర్ను ద్వారా వచ్చే సాయం.

రావచ్చు. కొందరికి గత ఏడాది కంటే ఎక్కువే రావచ్చు, కొందరికి తగ్గుతుంది, ఏడాది పొడుగునా పని లేని వాళ్లకు అసలు రాదు. మీరు ఏ కోవలోకి వస్తారో తెలియాలంటే ఒక్క విషయం పట్టుకోవాలి. పన్ను శాఖ ఐఆర్ఎస్ మీ డబ్బును రెండు అంకెలుగా చూస్తుంది. ఒకటి, పనిచేసి సంపాదించినది. దీన్ని ఇక్కడ కష్టార్జితం అందాం. రెండోది, పన్ను లెక్కలోకి వచ్చే అన్ని రకాల ఆదాయాలూ కలిపిన ఏజీఐ (అడ్జస్టెడ్ గ్రాస్ ఇన్‌కమ్). నిరుద్యోగ భృతి మొదటి అంకెలో చేరదు, రెండో అంకెలో చేరుతుంది. తప్పులన్నీ ఇక్కడి నుంచే పుడతాయి.

కింద ఇచ్చిన అంకెలన్నీ 2025 ఆదాయానికి, అంటే 2026లో వేసే రిటర్నుకు సంబంధించినవి. ఇవి ఏటా మారతాయి. వేరే ఏడాది రిటర్ను వేస్తున్నవాళ్లు పద్ధతి ఇదే పాటించి, అంకెలు ఆ ఏడాదివి తీసుకోండి.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఆ ఏడాది పనిచేసిన ప్రతి చోటి నుంచీ డబ్ల్యూ-2 (యజమాని ఇచ్చే జీతం ఫారం). రెండు వారాలే చేసి మానేసిన చోటిది కూడా.
- 1099-జీ. ఎంత భృతి ఇచ్చారో చూపే ఫారం, మీకు అన్‌ఎంప్లాయ్‌మెంట్ ఇచ్చిన రాష్ట్రం ఇస్తుంది. చాలా రాష్ట్రాలు దీన్ని పోస్టులో పంపకుండా మీ ఆన్‌లైన్ అకౌంట్లో పెట్టేస్తాయి. జనవరి నెలాఖరు దాటినా ఉత్తరం రాలేదని కూర్చోకండి, లాగిన్ అయి డౌన్‌లోడ్ చేసుకోండి.
- ఊబర్, డోర్‌డాష్ లాంటివి చేసి ఉంటే వచ్చిన డబ్బు, నడిపిన మైళ్లు, ఖర్చుల లెక్క.
- బ్యాంకు వడ్డీ కాగితాలు. ఇండియాలో ఎన్ఆర్ఈ ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే దాని వడ్డీ సర్టిఫికెట్ కూడా. అక్కడ పన్ను లేకపోవచ్చు, ఇక్కడ ఉంది.
- ఇంట్లో అందరి సోషల్ సెక్యూరిటీ కార్డులు.
- పిల్లలు ఏడాదిలో ఎక్కువ కాలం మీతోనే ఉన్నట్టు చూపే కాగితం ఏదైనా: స్కూలు లెటర్, డాక్టరు రికార్డు, లీజు. రిటర్నుతో పంపక్కర్లేదు, అడిగితే చూపించడానికి.

1. అసలు మీకు అర్హత ఉందా?

లెక్కలు మొదలుపెట్టే ముందు ఇది తేల్చుకోండి. లేదంటే గంట కూర్చుని వేసిన లెక్క వృథా.

రిటర్నులో ఉన్న మీకు, మీ భార్యకు లేదా భర్తకు, ఈఐటీసీ కోసం చూపించే ప్రతి పిల్లకూ పనిచేయడానికి చెల్లే సోషల్ సెక్యూరిటీ నంబరు (ఎస్ఎస్ఎన్) ఉండాలి. ఎస్ఎస్ఎన్ లేనివాళ్లకు పన్ను కోసం ఇచ్చే ఐటిన్ నంబరు పనికిరాదు. మనవాళ్ల ఇళ్లలో ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే: భర్తకు ఎస్ఎస్ఎన్ ఉంటుంది, ఇక్కడే పుట్టిన పాపకు ఉంటుంది, భార్యకు మాత్రం ఐటిన్. ఇద్దరూ కలిసి జాయింటుగా ఫైల్ చేస్తే ఆ రిటర్నుకు ఈఐటీసీ సున్నా. చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ మాత్రం వేరు. 2025 నుంచి దానికి పిల్లకూ, తల్లిదండ్రుల్లో కనీసం ఒకరికీ ఎస్ఎస్ఎన్ ఉంటే చాలు.

పిల్లలు ఏడాదిలో సగానికి మించి అమెరికాలో మీతో కలిసి ఉండాలి. ఉద్యోగం పోగానే ఖర్చు తగ్గుతుందని పిల్లను గుంటూరులోనో కరీంనగర్‌లోనో అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చేవాళ్లు ఉన్నారు. వేసవి సెలవులకు వెళ్లి రావడం వేరు, అదేం ఇబ్బంది కాదు. జనవరిలో పంపి నవంబరులో తెచ్చుకుంటే మాత్రం ఆ ఏడాదికి ఆ పిల్ల మీద ఈఐటీసీ అడగకూడదు.

ఏడాదిలో కొంత భాగమైనా నాన్‌రెసిడెంట్‌గా ఉన్నవాళ్లకు మామూలుగా ఈ క్రెడిట్ లేదు. పిల్లలు లేనివాళ్లకు వయసు 25 నుంచి 64 మధ్య ఉండాలి. వడ్డీ, డివిడెండ్లు, షేర్ల లాభం లాంటివి కలిపి 11,950 డాలర్లు దాటితే ఎవరికీ రాదు. ఎన్ఆర్ఈ డిపాజిట్ వడ్డీ ఈ లెక్కలోకే వస్తుంది, మరిచిపోకండి.

2. 1099-జీ సరిగ్గా చదవండి

చూడాల్సిన బాక్సులు ముఖ్యంగా రెండు. బాక్స్ 1లో ఆ ఏడాది మీకు ఇచ్చిన మొత్తం అన్‌ఎంప్లాయ్‌మెంట్ ఉంటుంది. బాక్స్ 4లో అందులోంచి ఫెడరల్ ట్యాక్స్ కింద పట్టుకున్నది ఉంటుంది.

బ్యాంకు అకౌంట్లో పడిన డబ్బు కూడి ఆ అంకె వేయకండి. పదిశాతం కోత పెట్టమని మీరు ఒప్పుకుని ఉంటే, 8,000 డాలర్ల భృతికి చేతికి వచ్చేది 7,200. రిటర్నులో వేయాల్సింది 8,000, దాంతోపాటు పట్టుకున్న 800. రెండో అంకె వేయకపోతే 800 డాలర్లు మీ చేతులారా వదిలేసినట్టే.

ఏ వారానికి సంబంధించిన డబ్బు అన్నది కాదు, ఏ ఏడాదిలో చేతికిచ్చారు అన్నదే లెక్క. డిసెంబరు ఆఖరి వారాల భృతి జనవరిలో పడితే అది కొత్త ఏడాది ఆదాయం.

తీసుకున్నదాంట్లో కొంత ఓవర్‌పేమెంట్ అని అదే ఏడాదిలో వెనక్కి కట్టి ఉంటే, కట్టింది తీసేసి మిగిలింది చూపించవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో దీనికోసం "రీపెయిడ్" అని వేరే గడి ఉంటుంది. వేరే ఏడాదిలో వెనక్కి కట్టినదానికి రూలు వేరు. పెద్ద మొత్తమైతే సొంత ప్రయోగాలు చేయకుండా ఎవరికైనా చూపించండి.

మీరు ఎన్నడూ అప్లై చేయకుండానే మీ పేరుతో 1099-జీ వస్తే ఎవరో మీ నంబరు వాడుకున్నారని అర్థం. వెంటనే ఆ రాష్ట్రానికి ఫ్రాడ్ అని రిపోర్టు చేసి, సరిదిద్దిన ఫారం అడగండి. రిటర్నులో మీకు నిజంగా వచ్చిన డబ్బు మాత్రమే చూపించండి. సరిదిద్దిన కాగితం వచ్చేదాకా ఫైలింగ్ ఆపాల్సిన పని లేదు.

3. కష్టార్జితం లెక్క కట్టండి

ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు ఇవి రాయండి:

- అన్ని డబ్ల్యూ-2ల బాక్స్ 1 మొత్తం. టిప్స్ ఉంటే అవి కూడా. ఉద్యోగం తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చిన సెవరెన్స్, మిగిలిన సెలవుల డబ్బు డబ్ల్యూ-2లోనే కలిసి వస్తాయి కాబట్టి అవీ ఇటువైపే.
- సొంతంగా చేసిన పనిలో ఖర్చులు పోను మిగిలినది. సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్సులో సగం ఇందులోంచి తీసేయాలి, సాఫ్ట్‌వేర్ అదే చేస్తుంది.
- క్యాష్‌గా ఇచ్చిన జీతం. కాగితం లేకపోయినా ఇది ఆదాయమే, చూపించాల్సిందే.

ఇక్కడ నిరుద్యోగ భృతి రాయకూడదు. వడ్డీ, అద్దెలు, సోషల్ సెక్యూరిటీ, చైల్డ్ సపోర్టు కూడా ఇటు రావు.

4. ఏజీఐ లెక్క కట్టండి

గీతకు కుడివైపు, ఎడమవైపు మొత్తాన్ని దించుకుని, దానికి 1099-జీ బాక్స్ 1, వడ్డీ, పన్ను పడే ఇతర ఆదాయాలు కలపండి. స్టూడెంట్ లోన్ వడ్డీ లాంటి తగ్గింపులు ఉంటే తీసేయండి. మామూలు కూలీ, చిన్న ఉద్యోగం చేసుకునే కుటుంబానికి ఈ లెక్క రెండు మూడు లైన్లు దాటదు.

రిటర్నులో అన్‌ఎంప్లాయ్‌మెంట్ చేరే చోటు షెడ్యూల్ 1లో 7వ లైను. అక్కడి నుంచి అది అసలు రిటర్ను ఫారం అయిన 1040 మీదికి వెళ్లి ఏజీఐలో కలిసిపోతుంది.

ఇక్కడొక పాత భ్రమ ఉంది. "అన్‌ఎంప్లాయ్‌మెంట్‌లో మొదటి 10,200 డాలర్లకు ట్యాక్స్ లేదు కదా?" అని ఇంకా అడుగుతున్నారు. అది కరోనా సమయంలో 2020 ఆదాయానికి మాత్రమే ఇచ్చిన మినహాయింపు. ఆ ఒక్క ఏడాదితో సరి. ఇప్పుడు మొదటి డాలరు నుంచీ ఫెడరల్ ఆదాయమే.

5. రెండు అంకెలతోనూ క్రెడిట్ చూడండి, తక్కువది తీసుకోండి

గైడ్ మొత్తంలో అసలు పని ఇదే. 2025కి అంకెలు ఇవి:

- పిల్లలు లేకపోతే గరిష్ఠంగా 649 డాలర్లు. ఆదాయం 19,104 దాటితే ఏమీ రాదు. జాయింటుగా అయితే 26,214.
- ఒక పిల్ల ఉంటే 4,328. పరిమితి 50,434, జాయింటుగా 57,554.
- ఇద్దరుంటే 7,152. పరిమితి 57,310, జాయింటుగా 64,430.
- ముగ్గురు, ఆపైన 8,046. పరిమితి 61,555, జాయింటుగా 68,675.

క్రెడిట్ మెట్లెక్కినట్టు పెరిగి, కొంతసేపు చదునుగా ఉండి, తర్వాత దిగుతుంది. పిల్లలున్నవాళ్లకు దిగడం 23,350 దగ్గర, జాయింటుగా అయితే 30,470 దగ్గర మొదలవుతుంది. పిల్లలు లేనివాళ్లకు 10,620 దగ్గర, జాయింటుగా 17,730 దగ్గర.

1040 సూచనల పుస్తకంలో ఈఐసీ (ఈఐటీసీకే ఇంకో పేరు) టేబుల్ ఉంటుంది. మొదట కష్టార్జితం పెట్టి చూడండి. తర్వాత, ఏజీఐ పైన చెప్పిన దిగుడు గీతకు చేరినా, దాటినా, ఏజీఐ పెట్టి మళ్లీ చూడండి. రెండింట్లో చిన్నదే మీ క్రెడిట్. ఏజీఐ ఆ గీత కింద ఉంటే రెండోసారి చూడక్కర్లేదు, కష్టార్జితం మీద వచ్చిందే ఖాయం.

ఉదాహరణలు చూస్తే తేలికగా బుర్రకెక్కుతుంది. ఇద్దరు పిల్లలతో ఒంటరిగా ఉంటున్న తల్లి అనుకుందాం. అంకెలు టేబుల్‌తో కొన్ని డాలర్లు అటూ ఇటూ అవుతాయి.

జీతం 12,000, భృతి 6,000. ఏజీఐ 18,000, దిగుడు గీత కిందే. కాబట్టి కష్టార్జితం మీద వచ్చే 4,800 దాకా క్రెడిట్. ఇక్కడ 18,000 మొత్తం సంపాదనే అనుకుని వేస్తే 7,152 కనిపిస్తుంది. ఆ తేడా 2,350 డాలర్లు తర్వాత వెనక్కి కట్టమంటారు, వడ్డీతో సహా.

జీతం 18,000, భృతి 9,000. కష్టార్జితం మీద పూర్తి 7,152 వస్తుంది. ఏజీఐ 27,000 గీత దాటింది, దాని మీద 6,380 చిల్లర. చిన్నది తీసుకోవాలి కాబట్టి భృతి వల్ల 770 డాలర్లు తగ్గింది.

ఇదే తల్లి ఏడాదంతా పనిచేసి 36,000 సంపాదించి ఉంటే ఈఐటీసీ 4,490 లోపే వచ్చేది. అంటే సగం ఏడాది పని పోయినందుకు క్రెడిట్ పెరిగింది. "పోయిన ఏడాది కంటే ఎక్కువ చూపిస్తోంది, సాఫ్ట్‌వేర్ తప్పేమో" అని టెన్షన్ పడి కొందరు అంకెలు మార్చేస్తుంటారు. మార్చకండి. ఆదాయం పడిపోయిన ఏడాది ఇలా పెరగడం మామూలే.

ఇక ఏడాది మొత్తం భృతి 20,000 తీసుకుని, జీతం ఒక్క డాలరు కూడా లేకపోతే? కష్టార్జితం సున్నా, క్రెడిట్ సున్నా. ఇది చాలామందికి మింగుడుపడదు. తక్కువ ఆదాయం వాళ్లకు ఇచ్చే సాయం కదా అంటారు. కాదు, తక్కువ ఆదాయంతో పనిచేసేవాళ్లకు ఇచ్చేది.

6. చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్‌తో కలిపి చూడండి

ఈఐటీసీ ఒక్కటే చూసి ఆగిపోతే రిఫండ్ అంచనా తప్పుతుంది. 2025లో 17 ఏళ్ల లోపు ఒక్కో పిల్లకు 2,200 డాలర్ల దాకా క్రెడిట్ ఉంది. ముందు అది మీ ట్యాక్సును కొట్టేస్తుంది. మిగిలిన దాంట్లో పిల్లకు 1,700 దాకా చేతికి రావచ్చు. కానీ చేతికొచ్చే భాగానికి మళ్లీ కష్టార్జితమే కొలబద్ద: 2,500 డాలర్లు దాటిన సంపాదనలో 15 శాతం వరకే. భృతి ఇక్కడా లెక్కకు రాదు.

ఒక కుటుంబం లెక్క పూర్తిగా వేసి చూద్దాం. భార్యాభర్తలు, ఒక పాప, ముగ్గురికీ ఎస్ఎస్ఎన్ ఉంది. ఆమె స్కూలు క్యాంటీన్లో 22,000 సంపాదించింది. ఆయన గ్యాస్ స్టేషన్లో 10,000 సంపాదించాక స్టోరు చేతులు మారి పని పోయింది, భృతి 8,000 వచ్చింది. కష్టార్జితం 32,000, ఏజీఐ 40,000.

ఈఐటీసీ: 32,000 మీద 4,083, 40,000 మీద 2,805. కాబట్టి 2,805.

ట్యాక్సు: 2025లో జాయింట్ స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడని భాగం) 31,500. మిగిలిన 8,500 మీద పది శాతం, అంటే 850. దాన్ని పాప క్రెడిట్ కొట్టేయగా 1,350 మిగిలి చేతికొస్తుంది. మొత్తం 4,155.

భృతి అసలు తీసుకోకపోతే? ఈఐటీసీ 4,083, పాప మీద 1,700, మొత్తం 5,783. అంటే 8,000 డాలర్ల భృతికి రిఫండ్‌లో 1,628 తగ్గింది. డాలరుకు 20 సెంట్లు. దీన్ని చూసి "తీసుకోకపోతేనే మేలేమో" అనుకోవద్దు. 1,628 పోయినా చేతిలో 6,372 మిగిలింది. క్రెడిట్ కోసం భృతి వదులుకోవడం ఏ లెక్కలో చూసినా నష్టమే.

భృతి నుంచి పది శాతం కోత పెట్టించుకుని ఉంటే ఆ 800, ఇద్దరి డబ్ల్యూ-2ల్లో పట్టుకున్న ఫెడరల్ ట్యాక్సు ఈ 4,155కి అదనంగా వస్తాయి.

7. ఇంకా భృతి తీసుకుంటున్నారా? ఇప్పుడే రెండు పనులు

మొదటిది డబ్ల్యూ-4వీ ఫారం. దీంతో భృతిలో పది శాతం ఫెడరల్ ట్యాక్స్ కింద పట్టుకోమని చెప్పవచ్చు. వేరే శాతం ఎంచుకునే వీలు లేదు, పది లేదా సున్నా. చాలా రాష్ట్రాల సైట్లలో క్లెయిమ్ వేసేటప్పుడే ఈ ప్రశ్న అడుగుతారు. పిల్లలున్న, ఆదాయం బాగా తక్కువ ఉన్న కుటుంబానికి క్రెడిట్లే ట్యాక్సును మింగేస్తాయి కాబట్టి కోత అవసరం పడకపోవచ్చు. పిల్లలు లేని ఒంటరివాళ్లు మాత్రం పెట్టించుకోవడమే మంచిది. ఏడాది మొదట్లో మంచి జీతం, తర్వాత భృతి అయితే ఏప్రిల్‌లో ఒక్కసారిగా కట్టాల్సి వచ్చి ఇబ్బంది పడేది వాళ్లే.

రెండోది హెల్త్ ఇన్సూరెన్స్. ప్రభుత్వ ఇన్సూరెన్స్ మార్కెట్‌ప్లేస్‌లో సబ్సిడీతో ప్లాన్ తీసుకుని ఉంటే, ఉద్యోగం పోయిన సంగతీ భృతి వస్తున్న సంగతీ వెంటనే అక్కడ అప్‌డేట్ చేయండి. ఆ సబ్సిడీకి భృతిని కూడా ఆదాయంగా లెక్కేస్తారు. ముందు చెప్పిన ఆదాయం కంటే అసలు ఆదాయం ఎక్కువ తేలితే అదనంగా తీసుకున్న సబ్సిడీ వెనక్కి కట్టాలి. ఇదివరకు తక్కువ ఆదాయం వాళ్లు వెనక్కి కట్టేదానికి ఒక పరిమితి ఉండేది. 2026 ఏడాది నుంచి ఆ పరిమితి తీసేశారు. కాబట్టి ఇది వాయిదా వేసే పని కాదు.

8. రాష్ట్రం లెక్క విడిగా

రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్, ఫ్లోరిడా, వాషింగ్టన్‌లలో జీతం మీద, భృతి మీద రాష్ట్ర పన్ను లేదు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వర్జీనియాలలో ఆదాయపు పన్ను ఉన్నా భృతిని వదిలేస్తారు. న్యూయార్క్, జార్జియా, ఇల్లినాయ్ లాంటి చోట్ల పన్ను వేస్తారు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్, ఇల్లినాయ్‌లకు సొంత ఈఐటీసీ కూడా ఉంది. ఫెడరల్ రిటర్ను వేసి రాష్ట్రానిది వదిలేసేవాళ్లు దీన్ని పోగొట్టుకుంటున్నారు.

ఏడాది మధ్యలో ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారితే 1099-జీ పాత రాష్ట్రం అకౌంట్లోనే ఉంటుంది. పాస్‌వర్డ్ మరిచిపోయి ఉంటారు, జనవరిలోనే తిరిగి తెరిచి పెట్టుకోండి.

ఎక్కువగా జరిగే తప్పులు

1099-జీని జేబులో పెట్టుకుని డబ్ల్యూ-2తో మాత్రమే ఫైల్ చేయడం. "రాష్ట్రం ఇచ్చిన డబ్బు, ఐఆర్ఎస్‌కు ఎలా తెలుస్తుంది?" అంటారు. మీకిచ్చిన ఫారం కాపీయే ఐఆర్ఎస్‌కూ వెళ్తుంది. కొన్ని నెలలయ్యాక సీపీ2000 అనే నోటీసు వస్తుంది. ట్యాక్సుతో పాటు, ఎక్కువ తీసుకున్న ఈఐటీసీ కూడా లెక్కగట్టి అడుగుతారు. అప్పటికి రిఫండ్ ఖర్చైపోయి ఉంటుంది.

భృతిని డబ్ల్యూ-2 గడిలో జీతంగా ఎక్కించడం. ఫోన్ యాప్‌లో హడావిడిగా చేసేవాళ్లు ఈ పొరపాటు చేస్తారు. మొదటి ఉదాహరణలో చూసిన 2,350 డాలర్ల తేడా సరిగ్గా ఇలాగే వస్తుంది.

తెలిసినవాళ్లు చెప్పిన ప్రిపేరర్ మీద గుడ్డి నమ్మకం. కష్టార్జితం తక్కువైతే ఈఐటీసీ తక్కువ వస్తుంది కాబట్టి, కొందరు ప్రిపేరర్లు మీరు చేయని క్లీనింగ్ బిజినెస్సో బేబీసిటింగో సొంత వ్యాపార ఆదాయం చూపే షెడ్యూల్ సీలో సృష్టించి, సంపాదన పెంచి క్రెడిట్ పెద్దది చేస్తారు. ఫీజు రిఫండ్‌లో శాతంగా అడుగుతారు, రిటర్ను మీద సంతకం మాత్రం పెట్టరు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా లేచి వచ్చేయండి. పట్టుబడితే ప్రిపేరర్ కనపడడు, బాధ్యత మీదే. నిర్లక్ష్యంగా తప్పు క్లెయిమ్ చేశారని తేలితే రెండేళ్లు, మోసమని తేలితే పదేళ్లు ఈఐటీసీ ఇవ్వరు. తర్వాత మళ్లీ అడగాలంటే 8862 ఫారం పెట్టాలి.

అన్నదమ్ముల కుటుంబాలు ఒకే ఇంట్లో ఉన్నప్పుడు ఒకే పిల్లను ఇద్దరు చూపించడం కూడా తరచూ జరుగుతుంది. ఒక పిల్ల ఒక్క రిటర్నులోనే ఉండాలి. ఫైల్ చేసేముందు ఇంట్లో మాట్లాడుకోండి.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

సబ్మిట్ నొక్కేముందు రిటర్ను మొత్తం పీడీఎఫ్‌గా తెరిచి ఇవి చూడండి.

ఏజీఐలోంచి మీరు లెక్కగట్టిన కష్టార్జితం తీసేయండి. మిగిలింది భృతి, వడ్డీ, ఇతర ఆదాయాలు కలిపిన మొత్తానికి సమానం కావాలి. తగ్గింపులేవైనా తీసుకుని ఉంటే ఆ మేరకు తేడా ఉంటుంది. కారణం తెలియని తేడా వచ్చిందంటే ఏదో ఒక ఫారం తప్పు గడిలో పడింది.

అదే ఏడాదిలో వెనక్కి కట్టింది ఏదీ లేకపోతే షెడ్యూల్ 1లో 7వ లైను, 1099-జీ బాక్స్ 1 ఒకటే ఉండాలి. ఫెడరల్ ట్యాక్స్ పట్టుకున్న మొత్తంలో బాక్స్ 4 చేరిందో చూడండి. 1040 మీద దీనికి డబ్ల్యూ-2లకు ఒక గీత, 1099లకు ఇంకో గీత ఉంటాయి. రెండోది ఖాళీగా ఉంటే ఆగండి.

సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఈఐసీ వర్క్‌షీట్ తెరవండి. అందులో ఎర్న్‌డ్ ఇన్‌కమ్ అని ఉన్న అంకె మీ కాగితం ఎడమవైపు మొత్తమే అయ్యుండాలి. భృతి అందులో కలిసి కనిపిస్తే వెనక్కి వెళ్లి దిద్దండి. పిల్లల పేర్లు షెడ్యూల్ ఈఐసీలో ఉన్నాయో, సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఉన్న స్పెల్లింగే ఉందో కూడా అప్పుడే చూసేయండి. మన ఇంటిపేర్లు ఒక్కో కార్డు మీద ఒక్కోలా ఉంటాయి కదా.

ఐఆర్ఎస్ సైట్లో ఈఐటీసీ అసిస్టెంట్ అనే ఉచిత టూల్ ఉంది. అందులో విడిగా అంకెలు పెట్టి వచ్చిన జవాబును రిటర్నుతో పోల్చండి. సొంతంగా చేసుకునే ధైర్యం లేకపోతే వీటా కేంద్రాల్లో వాలంటీర్లు ఉచితంగా రిటర్ను వేసి పెడతారు. చాలావరకు లైబ్రరీలు, కమ్యూనిటీ సెంటర్లలో ఉంటాయి. వెళ్లేటప్పుడు అందరి ఎస్ఎస్ఎన్ కార్డులు, ఫొటో ఐడీ, 1099-జీ ప్రింటు పట్టుకెళ్లండి. జాయింటుగా ఈ-ఫైల్ చేసేటట్టయితే ఇద్దరూ వెళ్లాలి.

ఫైల్ చేశాక

ఈఐటీసీ ఉన్న రిటర్నుల రిఫండ్‌ను చట్టప్రకారం ఫిబ్రవరి మధ్య వరకు విడుదల చేయరు. జనవరిలోనే ఫైల్ చేసినా ఇదే సంగతి. డైరెక్ట్ డిపాజిట్ పెట్టినవాళ్లలో చాలామందికి మార్చి మొదట్లో పడుతుంది. ఆలోగా ఎవరైనా "ముందే డబ్బు ఇస్తాం" అని రిఫండ్ అడ్వాన్స్ అంటగడితే, ఫీజు ఎంతో అడగకుండా సంతకం పెట్టకండి.

ఈఐటీసీకి అర్హత ఉండొచ్చు, మీరు అడగలేదు అని ఐఆర్ఎస్ నుంచి సీపీ09 లేదా సీపీ27 ఉత్తరం వస్తే పక్కన పడేయకండి. పిల్లలున్నవాళ్లకు మొదటిది, లేనివాళ్లకు రెండోది. అందులోని వర్క్‌షీట్ నింపి పంపితే సరిపోతుంది.

ఫైల్ చేశాక 1099-జీ గుర్తొచ్చిందా? నోటీసు వచ్చేదాకా ఆగకుండా 1040-ఎక్స్‌తో సవరించండి. ముందు వేసిన రిటర్ను రిఫండ్ వచ్చాకే ఇది పంపండి, లేదంటే రెండూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. ఇదే ఫారం మీకు రావాల్సింది రాబట్టుకోవడానికి కూడా పనికొస్తుంది. వెనకటి ఏడాది భృతి ఎక్కువని ఈఐటీసీ రాదనుకుని వదిలేసి ఉంటే, మామూలుగా ఆ రిటర్ను వేసిన మూడేళ్లలోపు సవరించి అడగవచ్చు. ఆ ఏడాది డబ్ల్యూ-2, 1099-జీ బయటికి తీసి, ఆ ఏడాది టేబుల్‌తో 5వ మెట్టు లెక్క మళ్లీ వేసి చూడండి.